తాళం దిద్దిన ఎనిమిది పాటలు

ముందే చెబుతున్నాను, ఇది నా గొప్ప చెప్పుకునే కథ కాదు. అమలాపురంలో ముప్పై రెండేళ్లు రికార్డింగు గది నడిపి, ఈమధ్యే మూసేసి ఇంట్లో కూర్చున్నాను. పనిలో ఉన్నన్నాళ్లూ నా చెవి మీద నాకు మహా పొగరు. ఆ పొగరు ఒక్క పూటలో దిగిపోయింది. ఇప్పుడు పడగ్గదిలోనే కంప్యూటరు పెట్టుకుని పాటలు చేసేస్తున్న కుర్రకారు, ఎప్పుడైనా కనిపిస్తే, "మీ అనుభవంలోది ఏదైనా చెప్పండి మాస్టారూ" అంటుంటారు. చెప్పదగ్గది ఇదొక్కటే. మిగతావన్నీ నేనెంత గొప్పవాణ్ణో చెప్పే కథలు, అవి పెళ్లిభోజనాల దగ్గర ఎలాగూ చెబుతుంటాను.

నా గది ఒక బట్టల కొట్టు మీద మేడ. బయటి చప్పుడు లోపలికి రాకుండా గోడల నిండా కొబ్బరిపీచు పరుపులు కొట్టించాను. పెద్ద ఊళ్లలో దానికేవో ఖరీదైనవి వాడతారట. మనకి పీచుకేం కరువు? వానాకాలం మాత్రం ఆ పరుపులు ముక్కిపోయిన వాసన వేసేవి, పాడటానికి వచ్చినవాళ్లు పల్లవికొకసారి తుమ్మేవారు. ఆ గదిలోనే ఊరూరి అమ్మవార్ల పాటలు, ఎన్నికల పాటలు, బడి వార్షికోత్సవాల పాటలు, ఆటోలో మైకు పెట్టి తిరిగే చీరల కొట్ల ప్రకటనలు తయారయ్యేవి.

మా పనిలో ఒక మర్యాద ఉండేది. అది తెలిస్తేగాని నా తప్పు మీకు అర్థం కాదు. మా దగ్గరికి వచ్చి పాడేవాళ్లు ఏమంత విద్వాంసులు కారు. ఊళ్లో కాస్త గొంతున్న మేష్టారో, గుడి కమిటీ పెద్దగారి కోడలో అయ్యుండేవారు. తాళం తప్పేవారు. నేను పైకి ఒక్క మాట అనేవాణ్ణి కాదు. "బ్రహ్మాండంగా వచ్చిందండి" అని కాఫీ ఇప్పించి పంపేసి, తలుపేసుకుని, తప్పిన ప్రతిచోటా దిద్దేవాణ్ణి. టేపుల రోజుల్లో బ్లేడుతో కోసి అతికించేవాణ్ణి, కంప్యూటరు వచ్చాక మౌసుతో జరిపేవాణ్ణి. దిద్దడం అయ్యాక అసలు రికార్డింగు చెరిపేసేవాణ్ణి. మనిషి తప్పు పాడినది లోకంలో మిగలకూడదు, ఎవరి చేతికైనా దొరికితే నవ్వులపాలు చేస్తారు. నాకు పని నేర్పినాయన మొదటిరోజు చెప్పిన మాట అది. వారం తర్వాత ఆ గాయకులు వచ్చి విని, "ఇంత బాగా పాడేనాండీ నేను!" అని మురిసిపోతుంటే, "మరేనండి" అని తలూపేవాణ్ణి. నా జీవితంలో నేను చేసిన పుణ్యం ఏదైనా ఉంటే అదేననుకునేవాణ్ణి.

ఇంకో సంగతి. వెళ్లేముందు ప్రతివాళ్లూ, "ఏమీ మార్చకండి మాస్టారూ, ఉన్నదున్నట్టు ఉంచేయండి" అనేవారు. అది మొహమాటం. మా వైపు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి "వద్దండి వద్దండి" అన్నవాడికే రెండోసారి వడ్డిస్తారు. వద్దన్నాడు కదా అని గిన్నె వెనక్కి తీసుకెళ్తే, ఆ ఇంటి పిసినారితనం గురించి ఊరంతా చెప్పుకుంటారు.

ఇలా ఉండగా ఒకరోజు ఒక శాక్సఫోన్ ఆయన మెట్లెక్కి వచ్చాడు. కొత్తపేట దగ్గర పల్లెటూరు. వాళ్లది పెళ్లిమేళం కుటుంబం. తండ్రి క్లారినెట్టు, పెదనాన్న డోలు, ఇతను చిన్నతనం నుంచీ తండ్రి పక్కన నిలబడి శాక్సఫోన్. మేళాలకు పిలుపులు తగ్గాక ఇతను గల్ఫ్‌లో ఒక హోటల్లో గదులు తుడిచే పనికి వెళ్లాడు. ఆ హోటల్లో సాయంత్రాలు వాయించే బ్యాండులో శాక్సఫోన్ మనిషి ఉన్నట్టుండి మానేస్తే, "నాకొచ్చండి" అని ముందుకొచ్చాడట. తుడుపుకర్ర మనిషికి శాక్సఫోన్ ఏమిటని అందరూ నవ్వితే, కాంగాలు వాయించే క్యూబా ఆయన మాత్రం నవ్వకుండా వాయిద్యం తెచ్చి చేతికిచ్చాడు. కాంగాలంటే నిలబెట్టి అరచేతులతో వాయించే పొడుగాటి డోళ్లు. అప్పటినుంచి పదకొండేళ్లు ఇద్దరూ ఒకే బ్యాండు.

"జాజ్ అండి మేం వాయించేది. దాన్లో క్యూబా వైపు తాళాలు కలుస్తాయండి," అన్నాడు. "ఎనిమిది పాటలు రికార్డు చెయ్యాలి. స్పెయిన్‌లో ఒక చిన్న కంపెనీవాళ్లు మా వాయింపు ఫోన్లో విని, వేస్తామన్నారండి. నా సెలవయ్యేలోగా పంపమన్నారు. ఆలస్యమైతే ఇంకోళ్లకిచ్చేస్తారంట. నలభై మూడొచ్చేయండి నాకు, ఇదే మొదటిది."

"పట్నంలో చేయించుకోకపోయావా?" అన్నాను.

"మా పెదనాన్న డోలు కావాలండి దీంట్లో. ఆయన గోదారి దాటి రానంటున్నారు. ఆయ్."

ఇక పనిలోకి దిగాం. క్యూబా ఆయన పది రోజులుందామని వచ్చాడు. తాటిచెట్టంత మనిషి. రెండు కాంగాలకీ రెండు పెద్ద పెట్టెలు. మెట్ల మలుపులో పెట్టె ఇరుక్కుంటే, కింద బట్టల కొట్టువాళ్లు నలుగురు వచ్చి ఎత్తారు. మా ఇంట్లో పనసపొట్టు కూర మూడుసార్లు వడ్డించుకున్నాడు, ఒక్కసారీ వద్దనకుండా. డోలు పెదనాన్నకి డెబ్బై దాటాయి. ఆయనకి ఇంగ్లీషు రాదు, క్యూబా ఆయనకి తెలుగు రాదు. ఇద్దరూ నోటితో జతులు చెప్పుకునేవారు. ఒకరు "తక తరికిట" అంటే, ఇంకొకరు ఏదో "తుం పక తుం" అనడం, ఇద్దరూ తొడలు చరుచుకుని నవ్వడం.

మొదటి పాట మొదలైంది. నేను చెవులకి పెట్టుకున్నది తీసి మళ్లీ పెట్టుకున్నాను. దెబ్బ పడాల్సిన చోట పడటం లేదు. కాస్త ముందో, కాస్త వెనకో పడుతోంది. క్యూబా ఆయన రెండు చిన్న కర్రలు టకటకమని కొట్టి చూపించాడు, అయిదు దెబ్బలు. ఒక చుట్టులో మూడు, ఇంకో చుట్టులో రెండు. వాళ్ల సంగీతమంతా ఆ అయిదు దెబ్బల మీదే నడుస్తుందట. ఆ మూడింట్లో రెండోది నా చెవికి ఎప్పుడూ తొందరపడ్డట్టే ఉండేది. దానికి తోడు శాక్సఫోన్ ఎప్పుడూ ఆలస్యం, తాపీగా నడుచుకుంటూ వచ్చి బస్సు అందుకునే మనిషిలా. నలభై ఏళ్లు తాళం తప్పని పెదనాన్న కూడా వాళ్లతో కలిసి తప్పుతున్నాడు. నాకు జాలేసింది. పరాయి దేశంలో ఎవరూ దిద్దేవాళ్లు లేక పాపం ఇలా అలవాటైపోయిందనుకున్నాను. నా అలవాటు ప్రకారం, "బ్రహ్మాండం" అన్నాను.

ఆరు రోజుల్లో ఏడు పాటలయ్యాయి. ఎనిమిదోది క్యూబా ఆయన ప్రయాణం రోజు మధ్యాహ్నం. రాజమండ్రిలో విమానం, కింద కారు నిలబడి ఉంది, డ్రైవరు హారన్ కొడుతున్నాడు. ఆ పాట గురించి శాక్సఫోన్ ఆయన ముందే చెప్పాడు. పెళ్లిలో అప్పగింతలప్పుడు వాళ్ల నాన్న క్లారినెట్టు మీద ఒక వరస వాయించేవాడు. పెళ్లికూతురు చెయ్యి పాలల్లో ముంచి అత్తగారి చేతిలో పెట్టేవేళ ఆ వరస వింటే మగపెళ్లివారు కూడా కళ్లు తుడుచుకునేవారు. తండ్రి పోయి నాలుగేళ్లు. అప్పుడు ఇతనికి సెలవు దొరక్క చివరిచూపుకి రాలేకపోయాడు. ఆ వరస ఆయన పోయాక ఎప్పుడూ ముట్టుకోలేదట. ఇప్పుడు దాన్ని ఎత్తుకుని, ఒక నెమ్మదైన క్యూబా తాళం మీద ఎటు పోతే అటు పోతానన్నాడు. ఏం వాయిస్తాడో ఏమీ రాసుకోలేదు. తొమ్మిది నిమిషాలు వాయించాడు. అయిపోయాక ముగ్గురూ ఒకరినొకరు చూసుకోలేదు. హారన్ మళ్లీ మోగింది. పెట్టెలు ఎత్తుకుని దిగిపోయారు.

మెట్ల మీద ఆగి శాక్సఫోన్ ఆయన, "ఏమీ ముట్టుకోకండి మాస్టారూ. ఆలమూరులో మా అత్తవారింటికెళ్లి వారం రోజుల్లో వచ్చేస్తాను. వచ్చేక ఇద్దరం కూర్చుని విందాం," అన్నాడు.

"అలాగే నాయనా, వెళ్లిరా," అన్నాను. మనసులో, మంచి మొహమాటస్తుడు, పెంపకం అలాంటిది, అనుకున్నాను.

ఆ వారం నేను చేసినంత శ్రద్ధగా జీవితంలో ఏ పనీ చెయ్యలేదు. కంప్యూటరు తెర మీద ప్రతి దెబ్బా ఒక ముల్లులా లేచి కనిపిస్తుంది. వెనకాల సమానంగా గీసిన గీతలుంటాయి. ముల్లు గీత మీద పడితే తాళంలో ఉన్నట్టు. ఈ ఎనిమిది పాటల్లో గీత మీద పడ్డ ముల్లు వెతికినా దొరకలేదు. ఒక్కొక్క దెబ్బా కోసి, జరిపి, గీత మీద కూర్చోబెట్టాను. శాక్సఫోన్ ఆలస్యాలన్నీ ముందుకి లాగాను. ఊపిరి చప్పుళ్లు తీసేశాను. ఎనిమిదో పాట దగ్గర మరీ కష్టమైంది. అప్పగింతల వరస రెండున్నర నిమిషాలు చక్కగా ఉంది, ఆ తర్వాత ఎటో పోయాడు. వరస ఉన్నంతవరకూ ఉంచి, మిగతాది కోసేసి, అదే వరసని రెండుసార్లు అతికించి అయిదు నిమిషాల పాట చేశాను. మా ఆవిడ భోజనం క్యారేజీ తెచ్చి, నిలబడి వింది. "ఇప్పుడు మన పాటలా ఉందండి," అంది. నా కళ్లు చెమర్చాయి.

అసలు రికార్డింగులు చెరిపేశాను. ఆ డిస్కులోనే ఒక పెద్ద పెళ్లి తాలూకు వీడియోలు నింపాను. స్థలం వృథా చెయ్యడం నాకు చిన్నప్పటినుంచీ చేతకాదు.

వారానికి అతనూ, పెదనాన్నా కలిసి వచ్చారు. కుర్చీలు వేసి, టీ తెప్పించి, మొదటి పాట పెట్టాను. నేను పాట వినడం లేదు, అతని మొహం చూస్తున్నాను, మురిసిపోయే క్షణం కోసం.

అర నిమిషం విన్నాడు. తలెత్తి, "ఇదెవరిదండీ?" అన్నాడు.

నేను నవ్వాను. "ఇంకెవరిది, నీదే!"

"కాదండి. వేరేవాళ్లది పెట్టేరు. చూడండి ఓసారి."

పెదనాన్న టీ గ్లాసు కింద పెట్టాడు. "మాస్టారూ, ఈ డోలు నాదేనండి, మోత నాదే. నేనిలా వాయించలేదండి మరి."

"కాస్త దిద్దానండి గురువుగారూ," అన్నాను. ఇంకా నవ్వుతూనే ఉన్నాను. "మీ అందరికీ అక్కడక్కడ తాళం..."

"రెండోది పెట్టండి," అన్నాడు అతను. పెట్టాను. "మూడోది." అదీ పెట్టాను. "ఎనిమిదోది పెట్టండి మాస్టారూ." వాళ్ల నాన్న వరస ఒకసారి వచ్చింది. రెండోసారి అదే వరస, అదే విరుపుతో రాగానే అతను లేచి నిలబడ్డాడు. "సరేనండి, బాగుందండి. అసలుది పెట్టండి."

"అసలుదంటే?"

"మేం వాయించిందండి."

"అది ఉంచను నాయనా. చెరిపేస్తాను. అది మా మర్యాద," అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వస్తుండగానే ఏదో తేడా జరిగిందని తెలిసింది. ముప్పై రెండేళ్లలో ఎంతోమంది మొహాలు చూశాను. సంతోషం, గర్వం, చిన్నపాటి అనుమానం చూశాను. ఇలాంటి మొహం మాత్రం చూడలేదు. కళ్ల ముందు ఇల్లు కూలిపోతుంటే నోరు తెరిచి చూసేవాళ్లుంటారే, అలా ఉన్నాడు.

అతను అరుస్తాడని ఎదురుచూశాను. అరిస్తే బాగుండేది, నేనూ అరిచేవాణ్ణి. అతను గదిలోంచి వెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు. చెప్పులు వేసుకోలేదు. పెదనాన్న నా మొహం చూసి, నెమ్మదిగా, "తప్పంటే తెలియక పడేదండి. ఇది తెలిసి పడేది," అన్నాడు.

"మళ్లీ వాయించండి. ఎన్నిసార్లైనా రికార్డు చేస్తాను," అన్నాను తలుపు దగ్గరికి వెళ్లి. అమ్మవారి పాటైతే రేపు మళ్లీ పాడొచ్చు, అవే మాటలు, అదే వరస. నాకు తెలిసిన సంగీతమంతా అలాంటిదే.

అతను తల తిప్పకుండానే చెప్పాడు. "మిగతా ఏడూ ఇంకోలా వాయించొచ్చండి. వేరేవి అవుతాయి, ఫర్వాలేదు. ఎనిమిదోది రాదండి. అది నేను అనుకుని వాయించలేదు. అలా వచ్చింది, వెళ్లిపోయింది. అందుకేనండి, రికార్డు చేయించుకుంది."

ఒక్కసారే పుట్టి, ఇక ఎప్పటికీ పుట్టని పాట ఒకటి ఉంటుందనీ, దాన్ని పట్టి ఉంచడానికే మనిషి నా గదికి వస్తాడనీ, ముప్పై రెండేళ్లు ఆ పని చేసినవాడికి ఆ నిమిషం దాకా తెలియదు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

ఆ డిస్కు పట్టుకుని రాజమండ్రి పరుగెత్తాం. పోయిన ఫైళ్లు వెతికి తీసేవాడొకాయన ఉన్నాడక్కడ. సాయంత్రం దాకా చూసి, ఒక ఎన్నికల పాట చరణమూ, పెళ్లిలో గరిక ముంతలు పట్టుకున్న ముత్తయిదువుల ఫొటోలూ తీసి ఇచ్చాడు. "దీని మీద ఏదో పెద్దది ఎక్కించేరండి. కింద ఉన్నది చెరిగిపోయింది," అన్నాడు. పెళ్లి వీడియో సంగతి నేనే చెప్పాల్సి వచ్చింది.

క్యూబా ఆయనకి ఫోన్ చేశారు. తెర మీద ఆయన మొహం కనిపిస్తోంది. సంగతంతా విన్నాడు. తర్వాత ఏదో అడిగాడు. శాక్సఫోన్ ఆయన తెలుగులో చెప్పాడు. "ఒక్కొక్క దెబ్బా చేత్తో జరిపేరా అని అడుగుతున్నాడండి. మొత్తం అన్నీనా అని."

"అవును, అన్నీ," అన్నాను.

ఆయన చేతులు రెండూ నెత్తిన పెట్టుకున్నాడు. అంత పని చేసిన మనిషిని మెచ్చుకుంటున్నాడో, ఆశ్చర్యపోతున్నాడో తెలియలేదు. ఎనిమిదో పాట సంగతి చెప్పాక ఇక చూడలేక మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఆయన మళ్లీ రావడానికి వీల్లేదు. హోటల్లో సెలవు అయిపోయింది.

శాక్సఫోన్ ఆయన సెలవు ఇంకా అయిదు రోజులుంది. కాంగాలు లేవు, వాయించేవాడు లేడు. సామాను సర్దుకుని వెళ్లిపోతారనుకున్నాను. పెదనాన్న కదల్లేదు. "ఆయన చెప్పిన జతులన్నీ నా దగ్గరున్నాయిరా," అన్నాడు తమ్ముడి కొడుకుతో. "రెండు చేతుల పని కదా. కుడిపక్క వేళ్లతో ఆయనది, ఎడం పక్క కర్రతో నాది. చూద్దాం."

డోలుకి ఒక పక్క కర్ర, ఇంకో పక్క వేళ్లకి తొడుగులు ఉంటాయి. ఆయన తొడుగులు తీసేశాడు. వట్టి వేళ్లతో వాయిస్తూ, నోటితో "తుం పక తుం" అనుకుంటూ, రెండు గంటలు తంటాలు పడ్డాడు. మధ్యలో నన్ను పిలిచి, క్యూబా ఆయన తనకి ఇచ్చి వెళ్లిన ఆ చిన్న కర్రలు నా చేతిలో పెట్టాడు. "మీరు ఆ అయిదు కొట్టండి మాస్టారూ. ఎవరో ఒకరు కొడుతుండాలి నాకు."

నేను తాళం దిద్దే మనిషిని కదా, ఎంతసేపు, అనుకున్నాను. ఆయన కాలితో సమానంగా అడుగు వేస్తుంటే నేను అయిదు కొట్టాలి. రెండు చుట్లు తిరిగేసరికి నా చేతులు వెళ్లి ఆయన అడుగు మీద పడిపోయాయి. మళ్లీ మొదలుపెట్టాం, మళ్లీ పడిపోయాయి. తొందరపడ్డట్టు వినిపించిన ఆ రెండో దెబ్బని దాని చోట నిలబెట్టాలంటే నాకు చెమటలు పట్టాయి. అటూ ఇటూ లాగే దెబ్బల మధ్య నిలబడటం అంత కష్టమైన పని. ఎప్పుడో పదిహేనోసారి, ఒక్క అర నిమిషం, నిలబడింది. గదిలో నేల ఊగినట్టయింది. నాకు ఏడుపొచ్చింది, నిజం. ఇన్ని వేల దెబ్బలు నేను దీన్నుంచే లాక్కెళ్లి గీతల మీద కూర్చోబెట్టాను.

"అదండీ," అన్నాడు పెదనాన్న. "ఇక మీరు వెళ్లి మీ కుర్చీలో కూర్చోండి. ఏమీ ముట్టుకోకండి."

మూడు రోజుల్లో ఏడు పాటలు మళ్లీ రికార్డు చేశాం, శాక్సఫోన్, డోలు, అంతే. నేను మౌసు తీగ పీకేసి బీరువాలో పెట్టాను. ఊపిరి చప్పుళ్లు ఉన్నాయి, కింద చీరల కొట్టువాళ్ల ఆటో మైకు ఒకచోట వినిపిస్తుంది, అన్నీ అలాగే స్పెయిన్ వెళ్లాయి. ఆల్బమ్ వచ్చింది. అక్కడివాళ్లు ఆ డోలు విని, ఇదేం వాయిద్యమని అడిగారట. మీలో కొంతమంది ఫోన్లలో విని ఉంటారు. ఏడే పాటలేమిటని ఎవరైనా అడిగితే శాక్సఫోన్ ఆయన, "ఏడేనండి" అంటాడట. నా తప్పు సంగతి ఎక్కడా ఎత్తలేదు. పైగా అట్టమీద రికార్డింగు చేసింది ఎవరో రాయాల్సిన చోట, నన్ను అడక్కుండానే నా పేరు వేశాడు. అది చూసిన రోజు నాకు అన్నం సహించలేదు.

ఎనిమిదోది ప్రయత్నించలేదని కాదు. నాలుగో రోజు పొద్దున్న శాక్సఫోన్ తీసి, వాళ్ల నాన్న వరస ఎత్తుకున్నాడు. రెండున్నర నిమిషాలయ్యాక ఆగిపోయాడు. మళ్లీ ఎత్తుకున్నాడు, మళ్లీ అక్కడే ఆగాడు. ఎక్కడికి వెళ్లాలో తెలియడం లేదన్నాడు. వాయిద్యం తుడిచి పెట్టెలో పెట్టేశాడు.

రేపు ప్రయాణమనగా ఆ మధ్యాహ్నం ఒక్కడే వచ్చాడు. సెలవు తీసుకోవడానికి వచ్చాడనుకున్నాను. నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మాస్టారూ, ఆ ఎనిమిదోది మీరెన్నిసార్లు విని ఉంటారండి, దిద్దేటప్పుడు?"

"ముప్పైసార్లు... అంతకన్నా ఎక్కువే బాబూ."

"నేను ఒక్కసారీ వినలేదండి," అన్నాడు. "వాయించేటప్పుడు మనకి వినపడదు. అయిపోగానే కారెక్కేసేం. క్యూబా ఆయనా వినలేదు, పెదనాన్నా వినలేదు. లోకంలో దాన్ని మొత్తం విన్నది మీరొక్కరేనండి."

నేను తలూపాను.

"నాన్న వరస అయిపోయేక నేనెక్కడికి వెళ్లేనండి?"

కళ్లు మూసుకున్నాను. ముప్పై ఏళ్లనాటి అమ్మవారి పాట ఏదడిగినా చరణాలతో సహా ఇప్పుడే పాడగలను. ఆ తొమ్మిది నిమిషాల్లోంచి ఒక్క స్వరం రాలేదు. ముప్పైసార్లు విన్నానే గాని, ఒక్కసారీ పాట కోసం వినలేదు. అన్నిసార్లూ తప్పుల కోసమే విన్నాను.

"నాకు తప్పులే గుర్తున్నాయి నాయనా," అన్నాను.

"చెప్పండి."

"మూడు నిమిషాలు దాటాక ఊపిరి గట్టిగా పీల్చిన చప్పుడు. ఏడ్చేముందు పీలుస్తారే, అలాంటిది. అది కోసేశాను. నాలుగు దగ్గర ఒకే స్వరం పట్టుకుని వదల్లేదు, పోనుపోను శృతి కిందికి జారిపోయింది. ఆ జారినచోట పెదనాన్న చెయ్యి ఆగిపోయింది. నాలుగు దెబ్బలు లేవు. నేను వేరేచోటివి తెచ్చి అతికించాను."

అతను తలెత్తాడు. "పెదనాన్న ఆగేరాండీ?"

"ఆగాడు."

జేబులోంచి విమానం టికెట్టు కాగితం తీసి, వెనక్కి తిప్పి మోకాలి మీద పెట్టుకున్నాడు. నా బల్ల మీది పెన్ను తీసుకున్నాడు. "నాలుగు దగ్గర... స్వరం జారింది... పెదనాన్న ఆగేరు," అని పైకి చదువుకుంటూ రాసుకున్నాడు.

"అయిదుకి?"

"అయిదుకి మొత్తం తాళం వదిలేశారు ముగ్గురూ. మళ్లీ క్యూబా ఆయన ఒక్కడే, చాలా మెల్లగా ఎత్తుకున్నాడు. అది అసలు వినపడదు, పనికిరాదని తీసేశాను. ఆరు దగ్గర నువ్వు చాలా ఆలస్యంగా వచ్చావు. రావనే అనుకున్నాను."

ఒక్క తప్పు కూడా వదలకుండా చెప్పాను. కాగితం నిండిపోతే అంచుల్లో రాసుకున్నాడు.

"ఇంకా చెప్పండి మాస్టారూ," అన్నాడు.